ఉగ్గుగిన్నెడు నీళ్ళు

మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక మా పెద్ద సిస్టరు వసారాలో బల్ల మీద పడుకుని, కొంగు తల నిండా కప్పుకుని రోగి అయిపోయేది. ఆ ఆటలో నేను నర్సును. ఒక రోజు ఆమె పాము కరిచిన రైతు, ఇంకో రోజు వాంతులు పట్టుకున్న పసిపిల్ల, మరో రోజు తాటిచెట్టు మీది నుంచి పడ్డ గౌడు. యాభై ఏళ్ళ మనిషి, వేషం వేయడంలో మాత్రం ఏ మొహమాటమూ లేదు. మూలుగు కూడా మనస్ఫూర్తిగా మూలిగేది. నేను దగ్గరికి వెళ్ళి చూడాలి, అడగాలి, చెప్పాలి. ఆమెవి నాలుగే ప్రశ్నలు. ఏం చూశావు? ఏమని అనుమానం? ముందు ఏం చేస్తావు? చేశాక మళ్ళీ ఏం చూస్తావు? ఈ నాలుగింటికీ నేను తడబడకుండా జవాబు చెప్పేదాకా ఆమె బల్ల దిగేది కాదు.

స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఉండేది. జనం నోట మాత్రం అది మానుకోటే. అక్కడ పది మంచాల చిన్న దవాఖాన మాది. డాక్టరు వారానికి రెండుసార్లు రైల్లో వచ్చి పోయేవాడు. మిగిలిన రోజులన్నీ పెద్ద సిస్టరే డాక్టరు, కంపౌండరు, కాపలా కూడా. నాది పాలకుర్తి దగ్గర ఒక చిన్న ఊరు. మాది కిరస్తానీ కుటుంబం. జనగామలో మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివి, పనిలో చేరి మూడేళ్ళయింది. సర్కారు నర్సు పరీక్ష పాసైతేనే పట్టా. పరీక్షకు వెళ్ళాలంటే దరఖాస్తు కాగితం మీద పెద్ద సిస్టరు సంతకం కావాలి. ఆ సంతకం పైన ఒక వాక్యం అచ్చు వేసి ఉండేది: ఈ అభ్యర్థి చేతికి రోగిని అప్పగించవచ్చు. ఆ కాగితాన్ని నేను బైబిలులో పెట్టి దాచుకున్నాను.

"మందుల పేర్లు అడగరే అమ్మాయ్, అవి చిలక కూడా చెబుతుంది" అనేది పెద్ద సిస్టరు. "రోగిని నీ ముందు పెట్టి, ఇప్పుడేం చేస్తావని అడుగుతారు. అక్కడే అందరూ నీళ్ళు నములుతారు."

ఆమెది బందరు వైపు. మా దగ్గరికి వచ్చి పన్నెండేళ్ళయినా ఆమె మాటలో బందరు పోలేదు. ఒకసారి బల్ల మీద ముసలి రైతు వేషంలో పడుకుని, "నాకు ఒంట్లో బాగుండలేదండీ" అంది. నాకు నవ్వు ఆగలేదు.

"మా దిక్కు గట్లనరు సిస్టరమ్మా" అన్నాను.

"మరెలా అంటారే?"

"పాణం బాగలేదంటరు. అసలు గది గూడ అనరు. బాగనే ఉన్న బిడ్డా, మా కోడలు పట్టుకొచ్చింది గని అంటరు."

ఆమె లేచి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, నేను చెప్పింది నోటుపుస్తకంలో రాసుకుంది. నా మాటను వెక్కిరించకుండా రాసుకున్న మొదటి మనిషి ఆమే. బందరు వాళ్ళంటే నాకున్న కోపం ఆ రోజు సగం తగ్గింది. మిగిలిన సగం ఉంచుకున్నాను, అవసరం పడకపోదని.

పరీక్షకు ఇంకా రెండు నెలలు ఉందనగా ఆమె బాలింత వేషం వేసింది. కాన్పయి నాలుగు రోజులు, చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి, మైల వాసన, ఎండిన పెదాలు. నేను తడుముకోకుండా చెప్పేశాను. లోపల పుండుపడి విషం పాకుతోందని అనుమానం. సల్ఫా మాత్రలు నాలుగు గంటలకోసారి, ప్రతిసారీ చెంబెడు నీళ్ళు, చిటికెడు తినే సోడా. మాత్ర ఇచ్చాక మూత్రం ఎంత వస్తోందో, ఏ రంగులో వస్తోందో చూడాలి. ఎందుకంటే నీళ్ళు చాలకపోతే ఆ మాత్ర లోపల పొడిపొడిగా పేరుకుని మూత్రం దారి మూసేస్తుంది. పెద్ద సిస్టరు బల్ల దిగి నా వీపు తట్టింది. "ఇదే కేసు వస్తే నువ్వు పాస్ అయిపోయినట్టే" అంది. నేను ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

నాకు అప్పుడు తోచని సంగతి ఒకటుంది. బల్ల మీది బాలింతకు అత్త లేదు.

అది నిజాం రాజ్యం పోయి యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఏడాది. రజాకార్లు పోయారు గాని పోరాటం పోలేదు. సంఘం వాళ్ళు, ఆ కమ్యూనిస్టు దళాలు, కొత్తగూడ అడవుల్లోకి తప్పుకున్నారు. వాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు లేకుండా చేయాలని అడవి అంచు గూడేలనూ తండాలనూ ఖాళీ చేయించి రోడ్డు పక్కకు తెచ్చి పడేశారు. ఇళ్ళు వదిలి, గొడ్లు వదిలి, చేతికందింది నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చిన జనం. మా దవాఖానకు వచ్చే రోగుల్లో సగం మంది వాళ్ళే. ఎవరి మొగుడు ఎక్కడున్నాడో మేం అడిగేవాళ్ళం కాదు. పుస్తకంలో భర్త పేరు అన్న గడి చాలాచోట్ల ఖాళీగా ఉండేది. భార్యలు ఎలాగూ భర్త పేరు నోటితో చెప్పరు కాబట్టి ఆ ఖాళీ ఎవరికీ వింతగా కనబడేది కాదు.

ఒక సోమవారం పొద్దున అలాంటి తండా నుంచే ఒక ముసలమ్మ తన కోడలిని బండిలో తెచ్చింది. కోడలికి పద్దెనిమిదేళ్ళుంటాయి. తండాను రోడ్డుకు తరలిస్తున్న రోజే, నడిచే దారిలో, ఒక మోదుగు పొద చాటున ప్రసవించిందట. బొడ్డు కోసింది కొడవలితో. ఇప్పటికి నాలుగు రోజులు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మగపిల్లాడు ముసలమ్మ చేతుల్లో నిద్రపోతున్నాడు. పెద్ద సిస్టరు పరీక్షించి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. బల్ల మీద ఆమె వేసిన వేషం ఇప్పుడు మంచం మీద ఉంది.

"చెప్పు" అంది.

చెప్పాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆమె తల ఊపి మొదటి మోతాదు తనే వేసి, చెంబెడు నీళ్ళు దగ్గరుండి తాగించింది. ముసలమ్మ గుడ్లురిమి చూసింది గాని పెద్ద సిస్టరును ఎదిరించలేదు. అంతలో పోలీసు వ్యాను వచ్చి ఆగింది. అడవిలో కాల్పులు జరిగాయట, క్యాంపులో గాయపడ్డవాళ్ళున్నారట, నర్సు కావాలట. రానని చెప్పే వీలు ఎవరికీ లేని రోజులవి. ఆమె సంచి సర్దుకుంటూ, "ఈ పిల్ల నీది. నాలుగు గంటలకోసారి. నీళ్ళు మరిచిపోకు" అని వ్యాను ఎక్కింది. రెండు రోజుల దాకా రాలేదు. కాల్పుల గొడవలో ఆ వారం డాక్టరు కూడా రాలేదు.

రెండో మోతాదు వేళకు నేను మాత్రలూ సోడా కలిపిన చెంబూ పట్టుకుని వెళ్ళాను. ముసలమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మాత్రలెయ్యి బిడ్డా. నీళ్ళొద్దు."

"తాగాలె అవ్వా. పెద్ద సిస్టరమ్మ చెప్పింది."

"పచ్చి ఒళ్ళు. నీళ్ళు తాగితే కడుపు ఉబ్బుతది, వాతం కమ్ముతది. పొద్దున ఆ పెద్దమ్మ తాగించింది, చూడు జరమెట్ల పెరిగిందో. నువ్వు ఎప్పుడన్న కన్నవా?"

నేను కనలేదు. కానీ మా అమ్మ నలుగురిని కన్నది. ప్రతిసారీ ఏడు రోజులు నీళ్ళు ముట్టలేదు. వేయించిన కారం, పాత బియ్యం అన్నం, నోరు తడుపుకోవడానికి కాచిన నీళ్ళు ఉగ్గుగిన్నెతో. మా ఊళ్ళో అంతే, ముసలమ్మ తండాలోనూ అంతే. మా అమ్మ బతికి ఉంది, పొలం పని చేస్తోంది. నేను పుస్తకంలో చదివింది ఒకటి, పుట్టినప్పటి నుంచి కళ్ళారా చూసింది ఒకటి. పైగా ముసలమ్మ చెప్పినట్టు జ్వరం నిజంగానే పెరిగింది. ముసలమ్మ మాట విన్నది నా చెవులు గాని, ఒప్పుకున్నది నా చెయ్యి. చెంబు కింద పెట్టి, పిల్లాడికి తెచ్చిన ఉగ్గుగిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఆ గుక్కతోనే మాత్రలు మింగించాను.

మంచం మీది పిల్ల నా కొంగు పట్టుకుని "పాణి" అంది. తండా భాషలో నీళ్ళు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు కొంగు విడిపించుకున్నాను.

మంచానికి తగిలించిన కాగితంలో మాత్రలకు ఒక గడి, నీళ్ళకు ఒక గడి. మాత్రల గడిలో టిక్కు పెట్టాను. నీళ్ళ గడి దగ్గర కాసేపు ఆగాను. తర్వాత అక్కడ కూడా టిక్కు పెట్టి, చెంబులో నీళ్ళు కిటికీ బయట పారబోశాను. ఎందుకు పెట్టానంటే గడి ఖాళీగా ఉంటే పెద్ద సిస్టరు అడుగుతుంది, పరీక్ష దగ్గరపడింది. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అలా రెండు రోజులు నడిచింది. మోతాదు మోతాదుకూ ఉగ్గుగిన్నె, మోతాదు మోతాదుకూ రెండు టిక్కులు. రెండో రోజు పొద్దుటికి జ్వరం కాస్త దిగింది. ముసలమ్మ నన్ను చూసి నవ్వింది. నాకు గర్వంగా కూడా అనిపించింది. మూత్రం తగ్గిందని గమనించాను, చెమట పోస్తోంది కదా అనుకున్నాను. మధ్యాహ్నానికి గిన్నెలో ఎర్రటి జీర కనబడింది. మైల కలిసి ఉంటుంది అనుకున్నాను. సాయంత్రం నడుములో నొప్పి అంది. బండి ప్రయాణం అనుకున్నాను. నాలుగు ప్రశ్నలూ వేసుకున్నాను, నాలుగింటికీ జవాబులు చెప్పుకున్నాను. నాకు అనుకూలమైన జవాబులు మాత్రమే చెప్పుకున్నాను. మూడో రోజు పొద్దున గిన్నె పొడిగా ఉంది.

పెద్ద సిస్టరు ఆ పొద్దునే తిరిగి వచ్చింది. చీర మీద మరకలు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మొహం కూడా కడుక్కోకుండా మంచం దగ్గరికి వచ్చింది. పిల్ల మొహం ఉబ్బి ఉంది. గిన్నె చూసింది, నడుము మీద చెయ్యి వేసి నొక్కింది, పిల్ల అరిచింది. తర్వాత కాగితం తీసి పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివింది.

"నీళ్ళు అన్నిసార్లూ తాగిందా?"

"తాగింది" అన్నాను.

ఆమె కుర్చీలో కూలబడింది. "ఇన్ని నీళ్ళు తాగినా మూత్రం రాలేదంటే మాత్ర పేరుకోవడం కాదు, విషం మూత్రపిండాలకు ఎక్కింది. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు. రైల్లో వరంగల్ పంపాలి. పోలీసుల చిట్టీ లేకుండా రైలు ఎక్కనివ్వరు. చిట్టీ వచ్చేసరికి..." అని ఆగి, కాగితం కలం తీసుకుని దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది. మాత్రలు ఆపేయమంది. నీళ్ళు కూడా ఇక మెల్లగా కొలిచి ఇవ్వమంది, ఒంట్లో నిలిచిపోతాయని.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పటికి నా అబద్ధం నా ఒక్కదాని సంగతిగా లేదు. ఆమె ఆ టిక్కులను నమ్మి ఆలోచిస్తోంది. ఆమె ఆలోచనలో తప్పేమీ లేదు, అది నిలబడ్డ నా టిక్కుల్లోనే తప్పు. ఆమె కలం రెండో వాక్యం రాస్తోంది. ఆ వాక్యం పూర్తయి, చిట్టీ కోసం మనిషి బయలుదేరితే, ఈ పిల్ల దాహంతో రైల్లోనే పోతుంది. నోరు తెరిస్తే బైబిలులో దాచిన కాగితం పోతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అలా చూసుకునే పాటి సేపు పట్టిందంటేనే నా మీద నాకు అసహ్యం వేసింది.

"తాగలేదు సిస్టరమ్మా" అన్నాను. "ముసలమ్మ వద్దంటె ఒప్పుకున్న. మాత్రకొక ఉగ్గుగిన్నెడే ఇచ్చిన. తక్కినయి పారబోసిన. ఉట్టిగనే టిక్కులు పెట్టిన."

ఆమె తల ఎత్తలేదు. కలం ఆగింది. చెంప మీద కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేసింది.

"ఏం చూశావు?" అని అడిగింది.

చెప్పాను. మూత్రం తగ్గడం, ఎర్ర జీర, నడుము నొప్పి, పొడి గిన్నె. అనుమానం ఏమిటో చెప్పాను. ముందు ఏం చేయాలో చెప్పాను. మాత్రలు ఆపాలి, సోడా కలిపిన నీళ్ళు గంటగంటకూ తాగించాలి. చేశాక మూత్రం కొలవాలి. ఆమె లేచింది.

"అయితే చెయ్యి. ఆవిణ్ణి ఒప్పించడం నీ పనే. ఒప్పుకున్నదానివి నువ్వే కదా."

ముసలమ్మ చెంబును చూడగానే మంచానికి అడ్డం వచ్చింది. నేను కింద కూర్చున్నాను. వంటగది నుంచి గుప్పెడు కళ్ళుప్పు తెచ్చి, ఉగ్గుగిన్నెలో నాలుగు పలుకులు, చెంబులో నాలుగు పలుకులు వేశాను. వేలితో కలిపాను. చెంబులో ఉప్పు కరిగిపోయింది. ఉగ్గుగిన్నెలోది అడుగున గరగరలాడుతూనే ఉంది. ఆ గిన్నె ముసలమ్మ చేతికిచ్చాను.

"నేను తప్పు చేసిన అవ్వా. గీ మాత్ర గిట్లనే లోపట పేరుకున్నది. నీళ్ళు పోస్తెనే కరుగుతది. నువ్వు చెప్పింది నేను ఇన్న. ఇనకూడదుండె. నీ తప్పు కాదు, నాకు ఎరుక ఉండి చేసిన."

ఆమె ఉగ్గుగిన్నెలో వేలు పెట్టి అడుగున ఉప్పును రాసి రాసి చూసింది. ఎద్దుల మీద ఉప్పు మోసి అమ్మిన లంబాడీల బిడ్డ, ఉప్పు సంగతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు. గిన్నె కింద పెట్టి, కోడలి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, చెంబుకోసం చెయ్యి చాపింది. ఆ పిల్ల తాగిన తీరు నేను చెప్పలేను. చెంబు అంచును పళ్ళతో పట్టుకుంది.

మధ్యాహ్నానికి నాలుగు చెంబులు తాగింది. ఏమీ రాలేదు. పెద్ద సిస్టరు నడుముకు వేడి కాపడం పెడుతూ ఉండిపోయింది. రెండు దాటాక ఆమె చీర మార్చుకోవడానికి తన గదికి వెళ్ళింది. అప్పుడే గిన్నెలో అరగ్లాసు దాకా వచ్చింది, ఇటుక రంగులో. నేను కొలిచి, చీటీ మీద రాసి, రవికలో దోపుకున్నాను. ఇక టిక్కుల మీద నాకే నమ్మకం లేదు.

ఆ చీటీ రాశాక నా దరఖాస్తు తీసుకుని ఆమె గదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. నిజం చెప్పాను కదా అన్న పొగరు కావచ్చు. ఆమె కాగితం చదివి తిరిగి ఇచ్చేసింది.

"రోగిని అప్పగించవచ్చు అని ఉందిక్కడ. ఈ ఏడాది నేను ఆ మాట రాయలేను."

"నేను చెప్పిన గద. నేను చెప్పకపోతె నీకు తెలిసేదా?"

"తెలిసేది కాదు. అందుకే వచ్చే ఏడాది రాస్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ, మా నాయిన, మా ఊరి చర్చి, అందరూ ఆ పట్టా కోసం చూస్తున్నారు. దాచుకున్న ఆ సగం కోపం, బందరు వాళ్ళ మీదిది, అంతా ఒక్కసారి పైకి వచ్చింది. నోటికొచ్చింది అనేసి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుకు నడిచాను. జనగామ వైపు బండి మూడున్నరకు ఉంది. ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూర్చుని ఆమెను తిట్టుకుంటూ ఉన్నాను. చెమట తుడుచుకోబోతే రవికలో చీటీ చేతికి తగిలింది. అరగ్లాసు, ఇటుక రంగు. నేను ఇది ఎవరికీ చెప్పలేదు, గిన్నె కూడా కడిగేశాను. వచ్చినప్పుడల్లా మళ్ళీ కొలవాలి, మొదటి కొలత తెలియకపోతే రెండోది పెరిగిందో తగ్గిందో పెద్ద సిస్టరుకు ఎలా తెలుస్తుంది? బండి కూత వినబడింది. నేను పెట్టె ఎత్తుకుని దవాఖాన వైపు నడిచాను. ఏడుస్తూనే నడిచాను.

పెద్ద సిస్టరు మంచం దగ్గరే ఉంది. ఎక్కడికి పోయావని అడగలేదు. చెయ్యి చాపింది. చీటీ ఇచ్చాను. ఆమె చేతిలో గిన్నె ఉంది, ముప్పావు గ్లాసు, రంగు కొంచెం తేలిక.

నాలుగో రోజుకు మూత్రం తేటపడింది. మొహం వాపు దిగింది. జ్వరం మళ్ళీ ఎక్కలేదు. పిల్లాడు తల్లి పాలు పట్టుకున్నాడు. ఇంకో వారం ఉంచాలని పెద్ద సిస్టరు అనుకుంది. కానీ ఆరో రోజు ఒక పోలీసాయన వసారాలోకి వచ్చి, ఈ పిల్ల మొగుడు ఎవడు, ఎక్కడున్నాడు అని అడిగి, రేపు మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు. ముసలమ్మ ఆ మధ్యాహ్నమే బండి పిలిపించింది. మేం ఆపలేదు.

పరీక్ష నేను ఆ మరుసటి ఏడాది రాశాను. పట్టా వచ్చాక నన్ను భూపాలపల్లి వైపు వేశారు. అక్కడే మహదేవపూర్ దాకా ఊరూరూ తిరిగి తల నెరిసింది. ఎన్ని వందల బాలింతలకు దగ్గరుండి నీళ్ళు తాగించానో లెక్క లేదు. అత్తలతో పోట్లాడాను, కాళ్ళు పట్టుకున్నాను, ఉప్పు కలిపి చూపించాను. అదంతా తర్వాతి సంగతి. నేను చెప్పాల్సింది ఆ బండి దగ్గర జరిగింది.

కోడలిని బండిలో గడ్డి మీద పడుకోబెట్టి, పిల్లాడిని పక్కన పెట్టాం. ముసలమ్మ ఎక్కబోతూ ఆగింది. నన్ను పక్కకు పిలిచింది. పెద్ద సిస్టరు వసారా మెట్ల మీద ఉంది, మా మాటలు వినబడేంత దూరంలో.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు బిడ్డా" అంది. "నాకొక బిడ్డ ఉండె. దానికి తొలుసూరు కాన్పు, పదేండ్లయింది. గిట్లనే జరమొచ్చింది. ఐదో రోజు పోయింది. పాణి పాణి అని ఒకటే ఏడ్చింది. ఎవ్వరన్న ఇస్తరేమోనని నేనే కుండ ముంగట కూసున్న. రెండు రోజులు కూసున్న. నీళ్ళిస్తే అది బతికేదా?"

మెట్ల వైపు చూశాను. పెద్ద సిస్టరు కదల్లేదు, కళ్ళు తిప్పుకోలేదు, నాకు ఏ సైగా చేయలేదు. ఈ రోగి నాదే.

బతికేది కాదు అనొచ్చు. ఆ ముసలమ్మ తేలికగా బండెక్కుతుంది. కానీ ఆ మాట చెప్పడానికి నేను ఆమె బిడ్డను చూడలేదు. చూడని దానికి టిక్కు పెట్టడం మూడు రోజుల కిందే మానుకున్నాను. బతికేది అనడానికీ నాకు హక్కు లేదు. ఆ రోజుల్లో సల్ఫా మాత్రలు మా దగ్గర లేవు. ఆ జ్వరానికి నీళ్ళొక్కటే మందు కాదు.

"నేను చూడలే అవ్వా. ఎట్ల చెప్పాలె?" అన్నాను. "మాత్రలు లేని దినాలు. నీళ్ళిచ్చినా బతుకుడు కష్టమే. బతికేదో లేదో నాకు తెల్వదు."

ఆమె తల ఊపింది. అక్కడ ఆపేయాల్సింది. ఆమె అడిగినదానికి జవాబు అయిపోయింది. కానీ ఆమె ఇంకా నా మొహంలోకే చూస్తోంది, నిజం చెప్పమని అడిగిన మనిషి. నాకేమో దాహంతో నా కొంగు పట్టుకున్న చెయ్యి కళ్ళ ముందు ఉంది.

"దూపయితే తీరేది అవ్వా" అన్నాను.

ముసలమ్మ మొహం ఏమీ మారలేదు. బండి చక్రం పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. బండివాడు తొందర చేశాడు. ఆమె వినలేదు.

"ఒక్క గుక్క అడిగింది బిడ్డా" అంది. "ఎక్కువ అడగలే. ఒక్క గుక్కే అడిగింది."

నేను ఆమె పక్కన దుమ్ములో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నా చేతిలో పోయినవాళ్ళున్నారు, వాళ్ళందరి సంగతీ నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకుని ఏదో ఒక జవాబు తేల్చుకోగలిగాను. ఆ చివరి మాట ఆమెకు చెప్పి ఉండాల్సిందా, మింగేసి ఉండాల్సిందా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.